స్విచ్చుకు అవతలి ఊరు

గుట్టలున్నాయి, గుడులున్నాయి, గోదావరి ఉంది. అయినా రామగుండం, గోదావరిఖని వచ్చినవాళ్లు ముందుగా చూడాల్సింది ఇక్కడి పనిని. తెలుగు ఇళ్లలో వెలిగే దీపానికీ, హైదరాబాద్ నల్లాలో పారే నీళ్లకూ ఈ బొగ్గు నేలతో ఉన్న చుట్టరికం మీద ప్రత్యేక కథనం.

మా ఇంటికి చుట్టాలొస్తే కాళ్లు కడుక్కోకముందే అడిగే మాట ఒకటుంది. "కాళేశ్వరం ఎంత దూరం? ధర్మపురికి బస్సు ఎన్నింటికి?" గోదావరిఖని వాళ్ల లెక్కలో రాత్రి పడుకుని తెల్లారి బయల్దేరే మజిలీ. మరి మీ ఊళ్లో ఏముందని ఎవరైనా అడిగితే మా బాపు జవాబు కూడా అలాగే ఉండేది. "ఏమున్నది బిడ్డా, బొగ్గు, దుమ్ము. పొద్దుగాల తెల్లంగి ఏస్కుంటె పొద్దూకెటాల్లకు నల్లగైతది."

ముప్పై ఏళ్లు బాయి, అంటే బొగ్గు గని, దిగిన మనిషి తన ఊళ్లో చూసేందుకు ఏమీ లేదనుకుంటే నాకు ప్రాణం చివుక్కుమనేది. ఆయన కుడి మోచేతి కింద వేలెడు పొడుగున నీలి మచ్చ ఉంది. చూసినవాళ్లు పచ్చబొట్టు అనుకుంటారు. బాయిలో పైకప్పు నుంచి రాలిన బొగ్గు పెళ్ల చెయ్యి చీరేసినప్పుడు, తెగిన చోట దుమ్ము దూరింది. గాయం మానింది, తోలు మూసుకుంది, దుమ్ము మాత్రం లోపలే మిగిలింది. మా అబ్బాయి చిన్నప్పుడు దాన్ని సబ్బు పెట్టి రుద్దేవాడు. "ఇగ అది పోదురా, నాతోనే అత్తది" అని నవ్వేవాడు బాపు.

ఖని చౌరస్తాలో ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా, పక్క బల్ల మీద గ్లాసు పట్టుకున్న ముసలి చేతుల్ని ఒకసారి గమనించండి. నుదుటి మీద, మోకాలి దగ్గర, వేళ్ల కణుపుల మీద అవే నీలి గీతలు కనబడతాయి. ఈ ఊళ్లో మొదటి దర్శనీయం నాకు అదే. మిగతావన్నీ ఆ తర్వాతే.

రాతిలో దాగిన ఆకు

మా ఇంటి గూట్లో అరచేతి వెడల్పున ఒక బూడిద రంగు రాయి ఉంది. దాని మీద ఆకు అచ్చు. నడిమి ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్నని ఈనెలు, ఇప్పుడే చెట్టు నుంచి కోసి అద్దినట్టు ఉంటాయి. బాపు ఒకరోజు అన్నం డబ్బాతో పాటు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకని చాలా ఏళ్లకు తెలిసింది. భారతదేశం, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే భూఖండంగా కలిసి ఉన్న కాలంలో, సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందట, ఇక్కడి చిత్తడి నేలల్లో ఆ అడవులు పెరిగాయి. పడిన చెట్ల మీద ఒండ్రు పేరుకుంది, బరువుకీ వేడికీ నలిగి అవే బొగ్గు పొరలయ్యాయి. ప్రాణహిత, గోదావరి లోయ పొడవునా ఆ పొరలున్నాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో పిల్లలు నోరెళ్లబెట్టి చూసే కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం కూడా ఈ లోయలో దొరికిందే.

బొగ్గు జాడ మొదట దొరికింది ఇక్కడ కాదు, ఇల్లందు దగ్గర. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ దాన్ని గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది. ఇల్లందు పక్కనున్న సింగరేణి ఊరి పేరు మీద 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. బొగ్గు గనుల కాలనీల్లో ఆ తేదీన ఇప్పటికీ సింగరేణి దినోత్సవం జరుపుకుంటారు. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీని తన చేతిలోకి తెచ్చుకుంది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా.

తవ్వకం ఇల్లందు నుంచి బెల్లంపల్లికి, కొత్తగూడేనికి పాకి, 1960ల మొదట్లో గోదావరి ఒడ్డుకు చేరింది. నది పేరుకు గని పేరు కలిసి గోదావరిఖని అయింది. పంటలు ఎండిన ఊళ్ల నుంచి, దొరల గడీల కింద బతకలేక, అప్పులు తీరక, తెలంగాణ నలుమూలల జనం ఇక్కడికొచ్చి బాయి పనిలో చేరారు. అందుకే ఈ ఊరికి ఒక యాస లేదు, పది యాసలున్నాయి.

ఇంక్లయిన్ అనే ఇంటిపేరు

కొత్తవాళ్లకు ఇక్కడి చిరునామాలు వింతగా ఉంటాయి. ఎయిటింక్లయిన్ కాలనీ, ఫైవింక్లయిన్, బీ పవర్‌హౌస్ గడ్డ. ఇంక్లయిన్ అంటే భూమి పైనుంచి బొగ్గు పొర దాకా వాలుగా దిగే సొరంగం. ఆ సొరంగం నంబరే చుట్టూ వెలిసిన వాడకు పేరైంది. ఊరికి ఊరే గని పేరుతో పలకడం ఎక్కడో గానీ ఉండదు.

బాయి ముఖం దగ్గర మైసమ్మ గుడి తప్పకుండా ఉంటుంది. లోపలికి దిగేవాళ్లు అక్కడ ఆగి దండం పెట్టుకుంటారు. బీడీలు, అగ్గిపెట్టెలు గేటు దగ్గరే వదిలేస్తారు. ల్యాంపు రూములో తలదీపం తీసుకుని, బ్యాటరీ నడుముకు కట్టుకుని, మస్టర్ పడ్డాక చీకట్లోకి నడక.

మా బాపు కోల్‌ఫిల్లర్. బ్లాస్టింగ్ అయి పొగ తగ్గాక ఫిల్లర్లు బొగ్గు తవ్వే ముఖం దగ్గరికి వెళ్తారు. చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి తట్టలో పోసి, తట్ట భుజానికెత్తి టబ్బులో కుమ్మరించాలి. చెమ్మస్ అంటే పారకన్నా వెడల్పైన ఎత్తుడు పార. ఈ పనికి ఖనిలో తట్టా చెమ్మస్ అనే పేరు. నెత్తి మీద రూఫ్, కాళ్ల కింద నీళ్లు, ఒంటి మీద నిక్కరు. టబ్బు నిండితే హాలర్ తాడు దాన్ని పైకి లాక్కుపోతుంది. "టబ్బు మీద నీ నంబరు చాక్‌పీసుతో రాయాలె. రాయకుంటె చెమట నీది, పైసలు ఇంకొగనియి" అనేవాడు బాపు. తర్వాత ఎస్డీఎల్, ఎల్‌హెచ్‌డీ అనే ఎత్తుడు యంత్రాలు వచ్చాయి. తట్ట మూలకు పడింది. ఇప్పుడు సెంటినరీ కాలనీ పక్కన ఉన్న అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ యంత్రం గోడంత పొడవునా బొగ్గును చెక్కుతూ పోతుంది, పైకప్పును ఉక్కు కాళ్లు మోస్తూ యంత్రంతో పాటే ముందుకు కదులుతాయి.

గని ప్రాణాలు కూడా అడిగింది. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి ఒక్కసారిగా నీళ్లు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజు ఊళ్లో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. ఇక్కడి ఆడవాళ్లు షిఫ్టు దిగే వేళకు వాకిట్లో నిలబడటం ఎందుకో తెలుసుకోవాలంటే ఆ తేదీ తెలిసుండాలి.

భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. వాటి స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. జనం నోట ఓసీపీ. ఆ అంచున నిలబడితే మొదట దిక్కు తోచదు. మెట్లు మెట్లుగా లోపలికి దిగిన గుంత, అడుగున నల్లటి చార, దాని మీద చీమల్లా కదిలే డంపర్లు. దగ్గరికొచ్చాక ఆ డంపరు చక్రం మనిషి కన్నా ఎత్తుంటుంది. ఒక టన్ను బొగ్గు కోసం ఐదారు క్యూబిక్ మీటర్ల మట్టి, రాయి తీసి పక్కన పోయాలి. అలా పోసినవే ఓబీ గుట్టలు. మా చిన్నప్పుడు లేని కొండలు ఇప్పుడు ఊరి చుట్టూ నిలబడ్డాయి, కొన్నింటి మీద చెట్లు కూడా పెరిగాయి. అదే గుంతల కింద ఊళ్లు పోయాయి, పొలాలు పోయాయి, పెద్దమ్మ గుళ్లు పోయాయి. బ్లాస్టింగ్‌కు గోడలు బీటలిచ్చిన ఇళ్లలో ఇంకా కాపురాలున్నాయి. ఆ అంచున నిలబడి ఫోటో దిగేవాళ్లు ఆ ఇళ్లను కూడా చూడాలని నా కోరిక.

1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవాళ్లు. ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. బొగ్గు మాత్రం తగ్గలేదు, 2023–24లో 7 కోట్ల టన్నులు దాటింది. చేతులు తగ్గాయి, యంత్రాలు పెరిగాయి.

కరెంటు పుట్టే తావు

ఓసీపీల నుంచి బొగ్గు నింపుకున్న రైలు ఒకటి ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి వెళ్తుంది, ఖాళీ అయి మళ్లీ గని దగ్గరికే వస్తుంది. రాత్రీ పగలూ చక్రంలా తిరిగే ఆ రైలును ఇక్కడ ఎంజీఆర్, అంటే మెర్రీ గో రౌండ్, అంటారు. వ్యాగన్లు ఆగకుండా కదులుతూనే అడుగు తలుపులు తెరిచి బొగ్గు జారవిడుస్తాయి. మా ఊరి పిల్లలకు లెక్కలు నేర్పింది ఆ వ్యాగన్లే. గేటు పడ్డప్పుడల్లా ఎన్నున్నాయో లెక్కపెట్టేవాళ్లం.

1978లో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన ఈ ఎన్టీపీసీ కేంద్రంలో 1983లో మొదటి యూనిట్ కరెంటు ఇచ్చింది. 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, మొత్తం 2,600 మెగావాట్లు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, కేరళ దాకా ఆ తీగలు పోతాయి. రాష్ట్రం ఏర్పడ్డాక తలపెట్టిన 800 మెగావాట్ల రెండు కొత్త యూనిట్లు 2023, 2024లలో పని మొదలుపెట్టాయి. గోదావరి దాటితే మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి సొంతంగా కట్టిన 1,200 మెగావాట్ల కేంద్రం ఉంది.

జ్యోతినగర్ వైపు నుంచి చూస్తే పొగగొట్టాల పక్కనే మరో దృశ్యం కనబడుతుంది. ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద దాదాపు 500 ఎకరాల మేర సౌర ఫలకాలు తేలుతున్నాయి. 100 మెగావాట్ల ఈ తేలే సోలార్ కేంద్రం 2022 జులై 1 నుంచి పూర్తిగా పనిచేస్తోంది. ఒక్కొక్కటి రెండున్నర మెగావాట్ల చొప్పున 40 భాగాలు. కింద నీళ్లు చల్లగా ఉంచడం వల్ల ఫలకాల పనితనం మెరుగ్గా ఉంటుంది, ఫలకాల నీడ వల్ల నీళ్లు ఆవిరి కావడం తగ్గుతుంది. సాయంత్రం పూట వెనక నుంచి పొగ, ముందు నీళ్ల మీద సూర్యుణ్ని పట్టుకున్న అద్దాలు. ఈ దేశం కరెంటు కోసం నిన్న ఏం చేసిందో, రేపు ఏం చేయబోతుందో రెండూ ఒక్క చూపులో కనబడే చోటు అది.

ఊరి నడుమ బీ థర్మల్ కేంద్రం ఇంకో కథ. 62.5 మెగావాట్ల ఈ చిన్న కేంద్రం 1971లో మొదలై యాభై ఏళ్లకు పైగా నడిచి, 2024లో మూతపడింది. దాని పొగగొట్టం చూసి టైము చెప్పుకున్న తరం మాది.

ఎఫ్‌సీఐ అని మేమంతా ఇప్పటికీ పిలిచే ఎరువుల కర్మాగారం కథ మూతతో ఆగలేదు. బొగ్గు నుంచే యూరియా తీయాలన్న ఆలోచనతో కట్టారు. 1980లో ఉత్పత్తి మొదలైంది, 1999లో తాళం పడింది. క్వార్టర్లు పాడుబడి, రోడ్ల మీద సర్కారు తుమ్మ మొలిచింది. రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ పేరుతో ఈసారి సహజ వాయువు ఆధారంగా మళ్లీ కట్టి, 2021లో యూరియా తీశారు. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. మీ పొలంలో చల్లే బస్తా మీద ఈ ఊరి పేరు ఉండే అవకాశం ఉంది, ఈసారి చూడండి.

నది రెండు ముఖాలు

గోదావరిఖని దాటి మంచిర్యాల వైపు వెళ్లే పెద్ద వంతెన మీద తెల్లవారుజామున ఆగండి. 2019 నుంచి 2023 దాకా ఆ వంతెన కింద గోదావరి ఎండాకాలంలో కూడా నిండుగా ఉండేది. కాళేశ్వరం ఎత్తిపోతల్లో భాగంగా దిగువన కట్టిన సుందిళ్ల బ్యారేజీ నీళ్లు వెనక్కి ఇక్కడి దాకా నిలిచేవి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాక పై బ్యారేజీల నీళ్లు కూడా వదిలేశారు. ఇప్పుడు వానలు తగ్గాక ఇసుక తేలుతుంది. నిండు నదిని నాలుగేళ్లు చూసిన కళ్లకు ఆ ఇసుక మునుపటి కన్నా ఎక్కువ బాధ పెడుతుంది.

ఎగువన ఎల్లంపల్లి మాత్రం నిండుగా ఉంటుంది. మాజీ స్పీకర్ శ్రీపాదరావు పేరు పెట్టుకున్న ఈ బ్యారేజీకి 62 గేట్లు, 20.175 టీఎంసీల నిల్వ. వరద కాలంలో గేట్లెత్తిన రోజు ఖని నుంచి, మంచిర్యాల నుంచి జనం కుటుంబాలతో తరలివస్తారు, మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్ల పొయ్యిలు రోడ్డు పొడవునా వెలుగుతాయి. హైదరాబాద్ వాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. 2015 నుంచి మీ నల్లాలో వచ్చే గోదావరి నీళ్లు ఈ ఎల్లంపల్లి నుంచే, ముర్మూరు పంపుహౌస్ ఎత్తిపోస్తే వస్తున్నాయి. స్విచ్చే కాదు, మీ నల్లా కూడా మా ఊరి వైపే తిరిగి ఉంది.

ఎల్లంపల్లి వెనుక జలాల అంచున, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల ఉంది. ఇప్పుడది జగిత్యాల జిల్లా. శాతవాహన వంశానికి మూలపురుషుడని చెప్పే సిముకుడి నాణేలు ఇక్కడ దొరికాయి. వాళ్ల కన్నా ముందు ఏలిన గోభద, సమగోప లాంటి రాజుల నాణేలూ దొరికాయి. తెలుగు నేల మీద రాజ్యం ఎక్కడ మొదలైందో వెతికేవాళ్లు ఈ మట్టి దిబ్బ దగ్గరికి రాక తప్పదు. కోటేశ్వరుడి గుడి మెట్ల మీద కూర్చుంటే ముందంతా నీళ్లే. పడవలో తిప్పేవాళ్లుంటారు.

దిగువన మంథని దగ్గర నది రూపం మారుతుంది. ఎల్‌మడుగు దగ్గర లోతుగా, నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ దాపునే శివారం అభయారణ్యం, మొసళ్ల కోసం కేటాయించింది. ఒడ్డున నిలబడి చూడాలి గానీ నీళ్లలోకి దిగకూడదు.

గుట్టలు, గుండాలు, గుడులు

రామగుండం పేరు వెనక గుట్ట మీది నీటి గుండాలున్నాయి. వనవాసంలో రాముడు ఇక్కడ ఆగాడనీ, బండల నడుమ ఉన్న 108 గుండాలు అప్పటివేననీ నమ్మకం. రాముని గుండాలంటారు. ఆ గుండాల్లో స్నానాలు చేసి, వంటలు వండుకుని, చెట్ల కింద పడుకుని సాయంత్రానికి దిగుతారు. పైనుంచి చూస్తే ఒక పక్క ఎన్టీపీసీ గొట్టాలు, ఒక పక్క నది.

ఎక్కే ఓపికున్నవాళ్లు రామగిరి ఖిల్లా వదలొద్దు. బేగంపేట దగ్గర మొదలయ్యే ఎక్కుడు, కాకతీయుల కాలం నుంచీ పేరున్న కోట, ఒకదాని వెనక ఒకటిగా దర్వాజలు, కూలిన బురుజులు, రాతిలో నిలిచిన నీళ్లు. శ్రావణ మాసంలో గుట్టంతా పచ్చగా మారి జనంతో నిండుతుంది. ఔషధ మొక్కలకు ఈ గుట్ట పెట్టింది పేరు, ఆయుర్వేదం చదివే విద్యార్థులు మొక్కలు గుర్తుపట్టడం నేర్చుకోడానికి వస్తుంటారు. మంచినీళ్లు, అన్నం మీరే మోసుకెళ్లాలి. ప్లాస్టిక్ కిందికి తెచ్చుకోవాలి. చీకటి పడకముందే దిగాలి.

మంథని వేదపండితుల ఊరు. మంత్రపురి అని పాత పేరు. గోదావరి ఒడ్డున గౌతమేశ్వరాలయం ఉంది. మాజీ ప్రధాని పీవీ నరసింహారావు 1957 నుంచి 1977 దాకా శాసనసభలో మంథనికే ప్రతినిధి. పొద్దున్నే వీధుల్లో నడిస్తే ఇప్పటికీ వేదం వల్లె వేసే గొంతులు వినబడతాయి. అక్కడి నుంచి కొద్ది దూరంలో బొగ్గు డంపర్ల మోత. రెండూ కలిసి ఒకే జిల్లాలో ఉన్నాయి.

పెద్దపల్లి వైపు వెళ్తే ధూళికట్ట. 1970ల తవ్వకాల్లో శాతవాహనుల నాటి కోట, బౌద్ధ స్తూపం బయటపడ్డాయి. స్తూపం చుట్టూ పేర్చిన సున్నపురాతి పలకల్లో, బుద్ధుడికి పడగ పట్టిన ముచిలింద నాగుడి శిల్పం ప్రసిద్ధం. అమరావతి చూసినవాళ్లు ఇది కూడా చూస్తే బౌద్ధం ఈ గోదావరి ప్రాంతం దాకా ఎలా వచ్చిందో అర్థమవుతుంది. వానాకాలంలో అయితే సబ్బితం దగ్గరి గౌరీగుండం జలపాతం. రాళ్లు పాచి పట్టి జారతాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. ఓదెల మల్లన్న గుడిలో ఒగ్గువాళ్లు డోలు కొడుతూ పట్నాలు వేసే రోజున వెళ్తే, కొమురెల్లి ఒక్కటే తెలిసినవాళ్లకు మల్లన్న ఇంకో ఇల్లు తెలుస్తుంది.

ఖని సాయంత్రం

సాయంత్రం లక్ష్మీనగర్ బజారుకు రండి. జీతాల రోజు దగ్గరపడ్డ వారంలో వస్తే ఊరు పెళ్లివారిల్లులా ఉంటుంది. బట్టల దుకాణాలు, బంగారం కొట్లు, పెనం మీద సర్వపిండి, వేడి మిర్చి బజ్జీలు. ఒకప్పుడు క్వార్టర్లలో కంపెనీ ఇచ్చిన బొగ్గుతోనే పొయ్యి వెలిగేది. దీపాల వేళకు కాలనీ అంతటా పొగ తెరలా పరుచుకునేది. ఆ వాసన పోయి ఏళ్లయింది గానీ, ఎక్కడైనా కుంపటి కనబడితే నాకు మా అమ్మ గుర్తొస్తుంది.

ఈ ఊరు పోరాటాల ఊరు కూడా. మంథని ప్రాంతం నుంచి వచ్చిన అల్లం రాజయ్య లాంటి రచయితలు బొగ్గు కార్మికుల బతుకును తెలుగు కథలోకి తెచ్చారు. ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో 2011 సెప్టెంబరు 13న సింగరేణి కార్మికులు బాయి దిగడం మానేశారు. వారాల తరబడి బొగ్గు కదలకపోతే కరెంటు కోతలు ఊళ్లను ముంచేశాయి. ఎక్కడో చీకట్లో తట్ట ఎత్తే మనిషి ఆగితే తన ఇంట్లో దీపం ఆగుతుందని చాలామందికి తెలిసింది ఆ రోజుల్లోనే.

రెండేళ్లకోసారి మేడారం జాతర రోజుల్లోనే ఇక్కడి గోదావరి ఒడ్డున కూడా సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, నెత్తిన పెట్టుకుని కార్మిక కుటుంబాలు ఒడ్డుకు కదులుతాయి. నల్ల బంగారం తవ్వినవాళ్లు బెల్లపు బంగారం మోస్తారు.

ఎప్పుడు, ఎలా

ఎండాకాలంలో రావొద్దు. 45 డిగ్రీలు దాటే రోజులు మామూలే. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా సుమారు 220 కిలోమీటర్లు. రైలైతే 1929లో పూర్తయిన కాజీపేట–బల్లార్షా మార్గంలో రామగుండం స్టేషన్లో దిగాలి. బస్సుకు గోదావరిఖని డిపో. రెండు రోజులు పెట్టుకోండి. ఒక రోజు గనులు, కరెంటు, ఎల్లంపల్లి. రెండో రోజు రామగిరి, మంథని, వీలైతే కోటిలింగాల.

గనుల్లోకి, విద్యుత్ కేంద్రాల్లోకి అనుమతి లేకుండా వెళ్లడం కుదరదు. 2022 చివర్లో ఆర్టీసీ, సింగరేణి కలిసి 'సింగరేణి దర్శన్' పేరుతో బస్సు యాత్ర మొదలుపెట్టాయి. భూగర్భ గని, ఓపెన్‌కాస్ట్, జైపూర్ విద్యుత్ కేంద్రం చూపించే యాత్ర అది. బయల్దేరే ముందు గోదావరిఖని డిపోలో అడిగి తెలుసుకోండి. బృందంగా వచ్చే విద్యార్థులు కంపెనీకి ముందే ఉత్తరం రాసుకోవాలి.

దీపం ఆర్పి చూపించే చోటు

గనిని జనానికి చూపించడం కొత్తేమీ కాదు. ఉత్తర థాయ్‌లాండ్‌లో లంపాంగ్ అనే పట్నం ఉంది. గుడులకు, గుర్రబ్బండ్లకు పేరు. దాని పక్కనే మే మో అనే పెద్ద లిగ్నైట్ గని, విద్యుత్ కేంద్రం ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ గని అంచున చూసే తావులు కట్టింది, పూలతోట వేసింది, మ్యూజియం పెట్టింది. గుడి చూసినవాళ్లు గని కూడా చూసి వెళ్తారు. మనకు దగ్గర్లో నాగపూర్ పక్కన సావనేర్‌లో 2016 నుంచి భూగర్భ గనిలోకి సందర్శకులను తీసుకెళ్తున్నారు. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతంలోని బ్లేనావన్‌లో బిగ్ పిట్ అనే గని 1980లో మూతపడింది. మూడేళ్లకే దాన్ని జనానికి తెరిచారు. మాజీ కార్మికులే దారి చూపిస్తూ సందర్శకులను 90 మీటర్ల లోతుకు తీసుకెళ్తారు, నెత్తిన తలదీపం పెట్టి.

నేను అడిగేది అంతే. మూతపడుతున్న మన భూగర్భ గనుల్లో ఒక్కదాన్ని శాశ్వతంగా జనం కోసం నిలపాలి. లోపల తట్ట ఉండాలి, చెమ్మస్ ఉండాలి, చాక్‌పీసు నంబరు రాసిన టబ్బు ఉండాలి. ప్రమాదాల్లో పోయినవాళ్ల పేర్లు గోడ మీద చెక్కి ఉండాలి. చూపించేవాళ్లు రిటైరైన కార్మికులై ఉండాలి. తట్టా చెమ్మస్ ఎరిగిన తరానికి ఇప్పుడు వయసు మళ్లింది. చాలామంది ఊపిరి ఆడక ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నారు. ఇంకో పదేళ్లు ఆగితే ఆ గని చూపించడానికి యంత్రాలుంటాయి, మనుషులుండరు.

ఈ మాట ఇంట్లో అన్న రోజు బాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "లోపలికి తీస్కపోయి ఏం సూపిత్తరు?"

నువ్వే చెప్పు, ఏం చూపించాలో అన్నాను.

"బాయిల ల్యాంపు బందైతె ఉన్నకాన్నే నిలవడాలె. అడుగు కదపద్దు. ఇంకో ల్యాంపు వచ్చేదాక అట్లనే. మొదాలు నాకు గట్లనే అయింది. కండ్లు తెరిసినా ఒక్కటే, మూసినా ఒక్కటే. నా చెయ్యి నాకు కనవడలే. దూరంగ ఎవలో అత్తాంటె సన్నగ గింత దీపం అగుపడ్డది. ఏడుపచ్చింది." కాసేపు ఆగాడు. మోచేతి కింది నీలి మచ్చను బొటనవేలితో రాస్తూ అన్నాడు. "అచ్చినోళ్లందరికి ఒక్క నిమిషం ల్యాంపులు బందు చేపియ్యాలె. గంతే. ఇంకేం జెప్పనక్కర్లే."

ఈసారి మా ఇంటికి చుట్టాలొచ్చి ఊళ్లో ఏముందని అడిగితే జవాబు చెప్పే పని బాపుకే వదిలేస్తాను.